నాలుగో చెరువు జవాబు ఆలస్యమైన రాత్రి

రాత్రి మూడు దాటాక రొయ్యల చెరువు గట్టు మీద వినిపించేది ఏరియేటర్ల (నీటికి గాలి అందించే మోటార్ల) రెక్కలు నీళ్లు చిమ్మే చప్పుడు ఒక్కటే. చెరువు కాసేవాళ్లకు అది జోలపాట. ఉన్నంతసేపూ నిద్ర పడుతుంది, పలచబడితే మెలకువ వస్తుంది. మొన్న ఏప్రిల్‌లో ఒక రాత్రి మా మావయ్యకు అలాగే మెలకువ వచ్చింది. మొగల్తూరు వైపు ఆయనకు ఐదు చెరువులున్నాయి. టార్చి పట్టుకుని నాలుగో చెరువు దగ్గరికి వెళ్లేసరికి ఆరు ఏరియేటర్లలో నాలుగు ఆగి ఉన్నాయి. గట్టుకు ఆనుకుని, అంచు నీళ్లలో, టార్చి వెలుగుకు ఎర్రగా మెరుస్తూ వందల కళ్లు.

3.47కి నాకు ఫోన్ వచ్చింది.

"అమ్మాయీ, నాలుగో చెరువులో రొయ్యలు తేలాయి. మోటార్లు ఆపింది నీ పెట్టేనా?"

చెరువులో ఆక్సిజన్ కొలిచి ఏరియేటర్లను నడిపే, ఆపే పెట్టెలు ఆయనకు కట్టి ఇచ్చింది నేనే. భీమవరంలో నా గదిలో కూర్చుని తెర మీద చూశాను. నాలుగో చెరువు, కరిగిన ఆక్సిజన్: లీటరుకు 29.4 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు గాలి నుంచి పట్టి ఉంచగలిగేది సుమారు ఏడున్నర. మధ్యాహ్నం ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్ వదిలినప్పుడు అంతకు మించుతుంది కానీ, తెల్లవారుజామున 29 అన్నది ప్రకృతిలో లేదు. రాత్రంతా అదే నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి పొద్దు పొడిచే ముందు గంటల్లోనే చెరువు ఊపిరి అడుగంటుతుంది. నాలుగు కింద ఉంటే మావయ్య నిద్రపోడు. మూడు కిందకు జారితే రొయ్య పైకి వస్తుంది.

ఆయన స్టార్టర్లు చేత్తో నొక్కి అన్నీ నడిపించాడు, ఆక్సిజన్ మాత్రలు చల్లించాడు. తెల్లవారేసరికి చేతి మీటరులో 4.2 వచ్చింది. పొద్దున్నే నేను వెళ్లేటప్పటికి గట్టు మీద రెండు బుట్టల నిండా చచ్చిన రొయ్య ఉంది. పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యను పట్టి అమ్మడానికి, ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టీ తాగమన్నాడు. నేను ఆ బుట్టల దగ్గరే కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ఇది రాస్తున్నది ఒక ప్రోగ్రామ్ మరొకదాని జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, రాకపోతే ఏం చేయాలి అని ఆ రోజు తెలుసుకున్న దాని గురించీ, ఆ తర్వాత రెండు నెలలు దిద్దుకుంటూ వచ్చిన దాని గురించీ.

ప్రతి చెరువు గట్టు మీదా ఒక పెట్టె ఉంటుంది. లోపల రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్. దానిలో నేను రాసిన నాలుగు ప్రాసెస్‌లు, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రామ్‌లు, నడుస్తాయి. ఒకటి సెన్సార్‌ను చదువుతుంది. ఒకటి ఆ అంకెలు చూసి ఎన్ని మోటార్లు తిరగాలో నిర్ణయిస్తుంది. ఒకటి రిలేలు అనే కరెంటు స్విచ్‌లను కదిపి మోటార్లను నడుపుతుంది. చివరిది ఫోన్లకు కబురు పంపుతుంది. అన్నీ ఒకే ప్రోగ్రామ్‌గా రాయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. రాయవచ్చు. కానీ సెన్సార్ తీగ దగ్గర ఆగిపోయిన ప్రోగ్రామ్, మోటారు దగ్గర కూడా ఆగిపోయినట్టే. విడివిడిగా ఉంటే ఒకటి మూర్ఛపోయినా మిగతావి పనిచేస్తాయి. ఆ లాభానికి కట్టవలసిన ధర మాత్రం ఉంది. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అవతలిది పలకనప్పుడు ఏం చేయాలో ప్రతి ఒక్కదానికీ ముందే తెలిసి ఉండాలి.

ఆ రాత్రి జరిగింది ఇది. సెన్సార్‌కూ పెట్టెకూ మధ్య రెండు తీగల ఆర్‌ఎస్-485 లైను, దాని మీద మోడ్‌బస్ భాష. 1979లో పుట్టిన భాష అది, కర్మాగారాల్లో ఈనాటికీ అదే నడుస్తుంది. పెట్టె అడుగుతుంది, సెన్సార్ జవాబిస్తుంది. చదివే ప్రాసెస్ ఐదు సెకన్లకోసారి రెండు ప్రశ్నలు వేస్తుంది: ఆక్సిజన్ ఎంత, వేడి ఎంత. ఒక్కో జవాబుకు 300 మిల్లీసెకన్లు ఆగేలా పెట్టాను. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఏడు బైట్ల జవాబు తీగ దాటడానికి ఎనిమిది మిల్లీసెకన్లు చాలు, అందుకని 300 ధారాళం అనుకున్నాను.

ఆ సెన్సార్ ముఖం మీద నాచు పేరుకోకుండా తుడిచే చిన్న బ్రష్ ఒకటి ఉంటుంది. అది తిరుగుతున్నప్పుడు సెన్సార్ జవాబు ఆలస్యం చేస్తుంది. ఆ రాత్రి ఆక్సిజన్ ఎంత అని అడిగిన క్షణంలో బ్రష్ తిరుగుతోంది. 300 మిల్లీసెకన్లు గడిచాయి, నా ప్రోగ్రామ్ "జవాబు రాలేదు" అని రాసుకుని వేడి ఎంత అని అడిగింది. అప్పుడు వచ్చింది మొదటి ప్రశ్నకు జవాబు: 3.1. నా ప్రోగ్రామ్ దాన్ని వేడి అనుకుంది. వేడికి వచ్చిన అసలు జవాబు 29.4 ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లో (వచ్చిన బైట్లను చదివేదాకా దాచే చోట) చదివేవారు లేక అలాగే ఉండిపోయింది. ఐదు సెకన్ల తర్వాత మళ్లీ ఆక్సిజన్ ఎంత అని అడగగానే బఫర్‌లో ముందు నిలుచున్న 29.4 చేతికి వచ్చింది. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక ప్రశ్న వెనకబడి వస్తూనే ఉంది. మోడ్‌బస్‌లో ఈ రెండు జవాబుల ఆకారం ఒకటే: సెన్సార్ చిరునామా, పని సంఖ్య, ఎన్ని బైట్లు, రెండు బైట్ల విలువ, చివర తప్పు పట్టే రెండు బైట్లు. తప్పు పట్టే లెక్క సరిపోయింది, చిరునామా సరిపోయింది. ఏ ప్రశ్నకు జవాబో చెప్పే అంకె మాత్రం ఆ ఏడు బైట్లలో లేదు. ఇదే భాషను నెట్‌వర్క్ మీద వాడే మోడ్‌బస్ టీసీపీలో ప్రతి ప్రశ్నకూ రెండు బైట్ల గుర్తు సంఖ్య ఉంటుంది, జవాబు అదే సంఖ్యను మోసుకుని వస్తుంది. తీగ మీది భాషకు ఆ సౌకర్యం లేదు.

నిర్ణయించే ప్రాసెస్‌కు నేను చెప్పిన నియమం: ఏడు దాటితే రెండు మోటార్లు ఉంచి నాలుగు ఆపు. 29.4 ఏడు దాటింది. అది చెప్పినట్టే చేసింది.

బుట్టల పక్కన కూర్చుని లాగ్ చదువుతుంటే నన్ను కలచివేసినది "జవాబు రాలేదు" అన్న నా మాటే. 300 మిల్లీసెకన్లలో రాలేదన్నంతవరకే నాకు తెలుసు. ప్రోగ్రామ్‌లో నేను రాసింది మాత్రం ఇక రాదు అన్నట్టు. టైమ్‌అవుట్, అంటే ఆగే గడువు ముగియడం, అవతలివాడి కబురు కాదు, నా ఓపిక అయిపోయిందన్న కబురు. అవతల ప్రాసెస్ చచ్చిందా, నెమ్మదిగా ఉందా, జవాబు దారిలో ఉందా అన్నది గడియారం చూసి ఎవరూ చెప్పలేరు. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అనే ముగ్గురు దీని మీద ఒక గట్టి ఫలితాన్ని గణితంగా నిరూపించారు. సందేశం చేరడానికి ఇంత కాలమే పడుతుందన్న హద్దు లేని చోట, ఒక్క ప్రాసెస్ చచ్చిపోయే అవకాశం ఉన్నా, మిగతావి తప్పకుండా ఒక నిర్ణయానికి వచ్చి తీరే పద్ధతి ఉండదని. చచ్చినదానికీ ఆలస్యమైనదానికీ తేడా తెలియకపోవడమే దాని మూలం. కాలేజీలో దీన్ని పరీక్ష కోసం చదివాను. రెండు బుట్టల రొయ్య ముందు కూర్చున్నాకే అర్థమైంది.

ఎంతసేపు ఆగాలి అన్నది మా గోదావరి వాళ్లకు రేవులో నేర్పిన పాఠం. మా అమ్మమ్మ ఊరు సఖినేటిపల్లి దాటాక అంతర్వేది దారిలో. నరసాపురం మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే అవతల సఖినేటిపల్లి. వరదకు పంటు ఆపేస్తే పాలకొల్లు మీదుగా వెళ్లి చించినాడ వంతెన ఎక్కి, దిండి, రాజోలు చుట్టి రావాలి. నా చిన్నప్పుడు ఒకసారి నేనూ అమ్మా ఇవతలి రేవులో నిలబడ్డాము, నాన్న మమ్మల్ని తీసుకువెళ్లడానికి అవతలి రేవులో నిలబడ్డాడు. చేతుల్లో ఫోన్లు లేవు. పంటు కదలడం లేదు. గంట చూసి అమ్మ "ఇక ఇది రాదు" అని నన్ను బస్సు ఎక్కించింది. మేము పాలకొల్లు చేరకముందే పంటు కదిలింది, మేము ఇంకా రేవులోనే ఉంటామని నాన్న దాటి నరసాపురం వచ్చేశాడు. ఆ సాయంత్రం మేము అమ్మమ్మ ఇంట్లో, నాన్న ఇవతలి గట్టున. అమ్మ గంట ఆగడంలో తప్పు లేదు. గంట తర్వాత చేసే పని నాన్నకు తెలియకపోవడమే మా చిక్కు. "గంటలో పంటు రాకపోతే వంతెన మీదుగా వస్తాము, నువ్వు కదలకు" అని ముందు రోజే చెప్పుకుని ఉంటే పంటు ఎప్పుడు కదిలినా ఇబ్బంది ఉండేది కాదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ఆ మాట చెప్పుకునే బయలుదేరేవాళ్లం.

ఆ గంట మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? రోజూ దాటేవాళ్లను అడిగితే పంటు ఎన్ని నిమిషాలకోసారి వస్తుందో చెప్పి ఊరుకోరు. ఎంత అటూ ఇటూ అవుతుందో కూడా చెబుతారు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లలో దీన్నే వాన్ జేకబ్సన్ 1988లో లెక్కగా రాశాడు. జవాబుకు పట్టే సగటు సమయాన్ని ఒక కంట, అది ఎంత ఊగుతోందో మరో కంట కనిపెట్టి ఉండి, సగటుకు ఆ ఊగిసలాటకు కొన్ని రెట్లు (మొదట రెండు, తర్వాత నాలుగు) కలిపి అంతసేపు ఆగడం. ఇంటర్నెట్‌లో సందేశాలు చేరవేసే టీసీపీ అనే పద్ధతి గుండెలో ఈనాటికీ ఉన్నది ఆ లెక్కే. మీ ఫోన్‌లో ఈ పేజీ తెరుచుకోవడంలో కూడా అది పనిచేసే ఉంటుంది. దానికి ముందు సంవత్సరం, 1987లో, ఫిల్ కార్న్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ ఒక చిక్కు ముడి విప్పారు. ఒకే మాటను రెండుసార్లు పంపాక ఒక జవాబు వస్తే అది మొదటిదానికా రెండోదానికా? తెలియదు. తెలియనప్పుడు ఆ జవాబుతో సమయం లెక్క కట్టకండి, పక్కన పెట్టండి అన్నారు. అది చదివినప్పుడు నాలుగో చెరువు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. నా ప్రోగ్రామ్‌కు తెలియనిదీ అదే: ఈ జవాబు ఏ ప్రశ్నది?

సెన్సార్ వైపు మార్పులు ముందు చేశాను. ప్రతి ప్రశ్నకు ముందు బఫర్‌లో మిగిలిన బైట్లన్నీ పారబోస్తాను. గడువు 1.2 సెకన్లు చేశాను, బ్రష్ తిరిగినా అంతలో జవాబు వస్తోందని వారం రోజులు కొలిచి చూశాకనే. ఒకసారి గడువు దాటితే వెంటనే మరో ప్రశ్న వేయకుండా రెండు సెకన్లు మౌనంగా ఉండి, ఆలస్యంగా వచ్చేదేమైనా ఉంటే రానిచ్చి పారబోసి, అప్పుడు అడుగుతాను. ఆక్సిజన్, వేడి విడివిడిగా అడగడం మానేసి రెండూ ఒకే ప్రశ్నలో తెప్పిస్తున్నాను, తారుమారయ్యే అవకాశమే లేకుండా. ప్రకృతిలో లేని అంకె వస్తే అది అంకె కాదు, జవాబు రానట్టే లెక్క. పెట్టె లోపలి ప్రాసెస్‌ల మధ్య భాష నాదే కాబట్టి అక్కడ ప్రతి ప్రశ్నకూ ఒక వరుస సంఖ్య పెట్టాను. జవాబు ఆ సంఖ్యతో రావాలి, లేకపోతే చిత్తుబుట్టకు.

మరో తప్పు కూడా బయటపడింది, అదృష్టవశాత్తూ అది పగటి పూట. చదివే ప్రాసెస్ ముప్పై సెకన్లు పలకకపోతే చచ్చిందనుకుని కొత్తది మొదలుపెట్టమని రాశాను. ఒకరోజు అది చావలేదు, తీగ దగ్గర ఇరుక్కుని ఉంది. కొత్తది మొదలైంది, పాతది తేరుకుంది. రెండూ ఒకే తీగ మీద ఒకేసారి అడగడం మొదలుపెట్టాయి, ఒకదాని జవాబు మరొకటి అందుకోవడం మొదలైంది. ఇప్పుడు పాతదానికి ముందు మర్యాదగా ముగించమని సిగ్టర్మ్ అనే సంకేతం పంపుతాను, ఐదు సెకన్లు ఆగి బలవంతంగా చంపే సిగ్‌కిల్ పంపుతాను, ఆ తర్వాత అది నిజంగా పోయిందని వెయిట్‌పిడ్ అనే పిలుపు ద్వారా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చెప్పేదాకా కొత్తదాన్ని పుట్టించను. సిగ్‌కిల్ పంపితే చచ్చినట్టే అనుకోవడం కూడా పొరపాటు. పరికరం దగ్గర లేపడానికి వీలులేని నిద్రలో ఉన్న ప్రాసెస్ ఆ నిద్ర నుంచి బయటికి వచ్చేదాకా చావదు. అందుకని పైన ఒక తాళం కూడా: సెన్సార్ తీగ తగిలించిన సీరియల్ పోర్టు పేరు మీద ఎఫ్‌లాక్ అనే ఆ తాళం పట్టుకున్నదే తీగను ముట్టాలి. పట్టుకున్న ప్రాసెస్ పోతే ఆ తాళాన్ని కెర్నల్ తనంతట తానే విడిపిస్తుంది. నా అంచనా కంటే కెర్నల్ మాట నమ్మదగింది.

ఇలాంటి పెట్టె కట్టుకునేవాళ్లకు పనికి వస్తుందని పైపు (ఒక ప్రాసెస్ రాసింది మరొకదానికి చేర్చే దారి) గురించి కూడా చెబుతాను. మొదట్లో చదివే ప్రాసెస్ అంకెలను మామూలుగా ప్రింట్ చేసేది, ఆ పైపు రెండో చివర నిర్ణయించే ప్రాసెస్ చదివేది. తెర మీద పరీక్షిస్తే ఐదు సెకన్లకోసారి చక్కగా వచ్చేది. పైపు తగిలించగానే నిశ్శబ్దం. పదిహేడు నిమిషాలు ఏమీ రాదు, ఆ తర్వాత రెండు వందల వరసలు ఒక్క గుక్కలో. తెర అయితే వరసకోసారి బయటికి వెళ్లే అక్షరాలు, పైపు అయితే బఫర్ నిండేదాకా లోపలే ఆగుతాయి. నేను వాడిన పైథాన్‌లో ఆ బఫర్ 8192 బైట్లు. వరసకు నలభై బైట్లు, ఐదు సెకన్లకో వరస. లెక్క వేసి చూడండి, పదిహేడు నిమిషాలే వస్తుంది. ప్రతి వరస తర్వాత ఫ్లష్ చేస్తే, అంటే బఫర్‌లో ఉన్నది వెంటనే బయటికి నెడితే, సరిపోయింది. కానీ ఆ రెండు రోజులు అవతలి ప్రాసెస్ చచ్చిందనే అనుకుంటూ గడిపాను. అది బతికే ఉంది, మాట్లాడుతూనే ఉంది, మాట నా దాకా చేరలేదంతే.

పోల్ అనే పిలుపుతో గడువు పెట్టి ఎదురుచూసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. చదవడానికి ఏదో ఉంది అని పోల్ చెబుతుంది. ఉన్నది అర వరసే కావచ్చు. పూర్తి వరస కోసం చదవబోతే అక్కడే ఆగిపోతాము, గడువు ఎవరికీ గుర్తుండదు. పోనీ ప్రతి బైటుకూ కొత్తగా గడువు మొదలుపెడదామంటే సెకనుకో బైటు కారుస్తూ కూర్చున్న ప్రాసెస్ మనల్ని తెల్లవార్లూ నిలబెట్టగలదు. పని మొత్తానికి ఒకే గడువు ఉండాలి. ఏ నిమిషానికి లేచి వెళ్లాలో ముందే రాసుకుని, ప్రతిసారీ మిగిలిన సమయాన్నే ఖర్చు పెట్టాలి.

ఆ గడువును ఏ గడియారంతో కొలవాలి అన్నదానికి కరెంటు కోత నాకు జవాబు చెప్పింది. నేను వాడిన రాస్ప్‌బెర్రీ పైలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక అది ఆగిన నాటి సమయంతోనే లేస్తుంది. నెట్ దొరికాక అసలు సమయం తెలుసుకుని ఒక్కసారిగా ముందుకు గెంతుతుంది. ఒక రాత్రి అలా రెండు గంటలు గెంతింది. నా ప్రాసెస్‌లన్నీ ఒక్క క్షణంలో పక్కవాడు రెండు గంటలుగా పలకలేదని తేల్చుకుని ఒకదాన్నొకటి చంపుకున్నాయి. గడువులకు గోడ గడియారం పనికిరాదు. వెనక్కి పోకుండా, గెంతకుండా నడిచే మోనోటోనిక్ గడియారం ప్రతి సిస్టమ్‌లోనూ ఉంటుంది, దాన్నే అడగాలి.

నడిపే ప్రాసెస్‌కు మొదట నేను ఇచ్చిన ఆజ్ఞ "మార్చు". ఆగి ఉంటే నడుపు, నడుస్తుంటే ఆపు. ఆజ్ఞ అందిందన్న జవాబు సకాలంలో రాకపోతే నిర్ణయించే ప్రాసెస్ మళ్లీ పంపేది. ఆజ్ఞ అందే ఉంటే? మోటారు నడిచి, మళ్లీ ఆగిపోయేది. ఇప్పుడు ఆజ్ఞ "మూడో మోటారు నడుస్తూ ఉండాలి". పదిసార్లు చెప్పినా ఫలితం ఒకటే. తిరిగి అడగవలసి రావచ్చు అనుకున్న ప్రతి మాటనూ ఇలా మార్చి రాశాను.

మావయ్య పట్టుబట్టి చేయించినది ఒకటుంది, అన్నిటికంటే విలువైనది అదే. "పెట్టెకు తెలియనప్పుడు మోటార్లు తిరగాలి. కరెంటు బిల్లు నేను కడతాను. రొయ్య చస్తే ఎవరూ తేలేరు" అన్నాడు. నడిపే ప్రాసెస్‌కు 90 సెకన్లలో కొత్త ఆజ్ఞ రాకపోతే ఎవరినీ అడగకుండా ఆరు మోటార్లూ నడుపుతుంది. "ఆపు" అన్న ఆజ్ఞకు 90 సెకన్ల ఆయుష్షే, బతికి ఉన్నవాడు మళ్లీ మళ్లీ చెబుతూ ఉంటేనే మోటారు ఆగి ఉంటుంది. పెట్టెకు పెట్టే చచ్చిపోతే రిలే తనంతట తాను మూసుకుని మోటారు తిరిగేలా తీగలు మార్చాము. ఆ పని మా ఊరి ఎలక్ట్రీషియన్ ఒక పూటలో చేశాడు. జవాబు ఆలస్యమైనా, అసలు రాకపోయినా, రెండోసారి వచ్చినా ఇప్పుడు చెరువుకు హాని లేదు.

ఆరు మోటార్లూ నడపడం అంటే ఒక్కసారిగా నొక్కడం కాదు. ఏరియేటర్ మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు వచ్చిన క్షణంలో చుట్టుపక్కల ఆటో స్టార్టర్లన్నీ కలిసి లేస్తే వోల్టేజి కుప్పకూలి, లేచినవి కూడా పడిపోతాయి, పడినవి మళ్లీ లేవబోతాయి. అందుకే గట్టు మీద మనిషి ఉంటే ఒక్కో స్టార్టరూ కాస్త ఆగి ఆగి నొక్కుతాడు. మా దగ్గర 1986 అంటే ఆగస్టులో వచ్చిన గోదావరి వరదే గుర్తొస్తుంది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికీ పక్కనే ఉన్న లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ మధ్య నెట్‌వర్క్ ఇలాగే కూలిందని జేకబ్సన్ రాశాడు. మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 32 వేల బిట్లు వెళ్లే దారిలో 40 బిట్లు వెళ్లాయి. జవాబు రాలేదని అందరూ మళ్లీ మళ్లీ పంపడంతో ఇరుకు ఇంకా పెరిగింది. ఆయన చూపిన మందుల్లో ఒకటి, ప్రతి వైఫల్యానికీ ఆగే సమయాన్ని రెట్టింపు చేయడం. దానికి తోడు ఆ సమయాన్ని ఒక్కొక్కరూ కొంచెం అటూ ఇటూ చేయాలి, అందరూ ఒకే క్షణంలో మళ్లీ లేవకుండా. మా పెట్టెలు ఇప్పుడు మోటారుకూ మోటారుకూ మధ్య ఎనిమిది సెకన్లు ఆగుతాయి. మొదటి మోటారుకు ముందు మాత్రం ఒక్కో పెట్టె తనకు తోచిన అంకె ఎంచుకుంటుంది.

కబురు పంపే ప్రాసెస్ సంగతి క్లుప్తంగా. మొబైల్ నెట్‌వర్క్‌లో కాసేపు మాటలేని కనెక్షన్‌ను మధ్యలోని పరికరాలు చెప్పకుండా మరచిపోతాయి. రెండు చివరలూ ఇంకా కలిసే ఉన్నామనుకుంటాయి. అప్పుడు ఏదైనా పంపితే పెట్టెలోని ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ తన మామూలు అమరికలో పదిహేనుసార్లు తిరిగి ప్రయత్నించి సుమారు పావుగంట తర్వాతగానీ ఓటమి ఒప్పుకోదు. వినడమే తప్ప పంపని వైపుకు అసలే తెలియదు. టీసీపీలో ఉన్న కీప్‌అలైవ్ ఆన్ చేసినా మొదటి పలకరింపుకు రెండు గంటలు ఆగుతుంది. పావుగంటలో చెరువు చచ్చిపోతుంది. కాబట్టి ఇరవై సెకన్లకోసారి మా సర్వర్‌తో ఒక చిన్న పలకరింపు, మూడు వరసగా తప్పితే కనెక్షన్ వదిలేసి కొత్తది. అవతల సర్వర్ కూడా ఏ పెట్టె రెండు నిమిషాలు పలకలేదో చూసి మావయ్యకు ఫోన్ చేస్తుంది.

ఆ కబురులో ఏం రాయాలన్నది ఆఖరున తేలింది. మొదట్లో "చెరువు 4: 5.1" అని వెళ్లేది. సెన్సార్ పలకకపోతే చివరి అంకెనే మళ్లీ పంపేదాన్ని, ఖాళీగా ఉండకూడదని. మార్చాక "చెరువు 4: 3.12 నుంచి జవాబు లేదు, చివరిది 4.6, ఆరూ నడుస్తున్నాయి" అని వెళ్లింది. మావయ్య అది చదివి ఫోన్ చేశాడు.

"ఇది బాగుంది అమ్మాయీ. జవాబు వచ్చినప్పుడు కూడా అంకె ఎంత పాతదో వేయి. నిమిషం కిందటిదైతే పడుకుంటాను, పది నిమిషాలదైతే చెప్పులు తొడుక్కుంటాను."

చదివే ప్రాసెస్ దగ్గరే ప్రతి అంకెకూ అది పుట్టిన క్షణం తగిలించాను, నాలుగు ప్రాసెస్‌లూ దాన్ని చివరిదాకా మోసుకువెళతాయి. నిర్ణయించేది కూడా ఇప్పుడు ముప్పై సెకన్లు దాటిన అంకెను చూసి మోటారు ఆపదు. నిన్న తెల్లవారుజామున 3.47కి ఫోన్ చూశాను, ఆ సమయానికి నాకు మెలకువ రావడం అలవాటైపోయింది. "చెరువు 4: 4.4, 6 సెకన్ల కిందటిది. ఏరియేటర్లు 6లో 6." ఈ పంట పట్టుబడి వచ్చే సోమవారం.